రాజ్యలక్ష్మి గారి చివరి హాఫ్‌ట్రాక్

నా బతుకులో మొదలుపెట్టి చివరిదాకా పూర్తి చేసింది ఏదని ఎవరైనా అడిగితే బిర్యానీ ప్లేటు ఒక్కటే చెప్పగలను. అందులోనూ యాలకులు ఏరి పక్కన పెడతాను. బడి తొమ్మిదో తరగతి మధ్యలో మానేశాను. దర్జీ పని చొక్కా కాలర్ దగ్గర ఆగిపోయింది. ఈత కూడా సగంలోనే వదిలేశాను, అది నీళ్ళ మధ్యలో కాకపోవడం నా అదృష్టం. అలాంటి నేను మొన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి, రోడ్డు పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. తోపుడుబండివాడు ఎవరికో తియ్యదనం చూపించడానికి సంత్రా పండు ఒలిచాడు, అంతే. తొక్క చిట్లగానే లేచిన ఘాటు ముక్కుకు తగిలి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఏమైంది?" అంది నా భార్య సుజాత.

"కంట్ల రసం పడ్డది."

"బండి గాడ ఉంది, నువ్వు గీడ ఉన్నవ్. రసం ఆటో ఎక్కి వచ్చిందా?"

ప్లాస్టిక్ భాగాలను అతికించే ఒక పల్చటి జిగురు ఉంది. దాని వాసన అచ్చం సంత్రా తొక్క వాసనే. ఆ వాసన నిండిన గదిలో, పంజగుట్టలో ఒక మూడో అంతస్తు ఫ్లాట్‌లో, రాజ్యలక్ష్మి గారు కూర్చుని యుద్ధం బండ్ల బొమ్మలు కట్టేవారు. ఆవిడ మీకు తెలియదు. తెలిసుంటే మీరు కూడా తోపుడుబండి దగ్గర ఆగిపోయేవారు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో మాది కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. అప్పట్లో అది మా మేనమామది, నేను స్ప్రే గన్ పట్టేవాడిని. ఒకరోజు ఒక పెద్దావిడ, నేత చీరలో, ఆటో గీసుకుపోయిన తన పాత కారు తీసుకొచ్చారు. రేటు అడగలేదు, బేరమాడలేదు. పక్కన పడివున్న ఎవరిదో వ్యాను ముందు చతికిలబడి, భూతద్దంతో దాని మడ్‌గార్డు చూడడం మొదలుపెట్టారు.

"బాబూ, ఈ తుప్పు ఎన్నాళ్ళదై ఉంటుందండీ?"

"పుట్టినరోజు ఎవరు రాసి పెట్టలే మేడమ్. కేకు తెప్పించమంటరా?"

ఆవిడ నవ్వలేదు. "చూడండి. పైన రంగు, దాని కింద బూడిద రంగు, దాని కింద ఇనుము. తుప్పు మాత్రం అంచుల్లోనే ఉంది. ఎంత పద్ధతిగా పోయిందో!" అన్నారు, పిల్లవాడి దస్తూరీ మెచ్చుకుంటున్నట్టు. నేను వంగి చూశాను. రోజూ వాటర్ పేపర్‌తో తుప్పును గీకిపారేసేవాడినే గాని, ఎప్పుడూ దాని మొహం చూసినవాడిని కాదు.

వెళ్తూ వెళ్తూ, ఒక సీసా మూతకు పూసిన రంగు చూపించి అలాంటిదే కలిపి ఇవ్వగలవా అని అడిగారు. పాత పెసరపప్పు రంగు. ఇంత చిన్న డబ్బాలో కలిపి పంజగుట్ట పట్టుకెళ్ళాను. తలుపు తీయగానే సంత్రా వాసన. పళ్ళ రసం ఇస్తారేమోనని ఆశపడి కూర్చున్నాను. రసం రాలేదు గాని, ఎదురుగా అద్దాల బీరువా కనిపించింది. వరసగా బండ్లు, ఒక్కొక్కటి అరచేతికి కొంచెం పెద్దది. ముందు చూస్తే లారీ: బానెట్టు, రెండు చక్రాలు, స్టీరింగు. వెనక చూస్తే ట్యాంకు: ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్న చక్రాలు, వాటి చుట్టూ ఇనుప పట్టీ. వాటిని హాఫ్‌ట్రాక్‌లంటారని ఆవిడే చెప్పారు.

"ఏంది మేడమ్, పైసలు తక్కువై సగం ట్యాంకే కొన్నరా?"

ఈసారి నవ్వారు. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యారట. "బోల్టు గీశాను, బ్రాకెట్టు గీశాను, గేరు పళ్ళు గీశాను. అవన్నీ కలిసి ఏమయ్యాయో ఒక్కసారీ చూడలేదు. అడిగితే అది వేరే డిపార్ట్‌మెంటు అనేవారు. అందుకే ఇప్పుడు అన్ని డిపార్ట్‌మెంట్లూ నావే," అన్నారు. మరి కారో బస్సో చెయ్యక ఈ యుద్ధం బండ్లెందుకని అడిగాను. ఆవిడ ఒక బండిని అరచేతిలోకి తీసుకుని, కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పారు. "వెనక పట్టీ బురదలో లాగడానికి. ముందు చక్రాలు దారి మళ్ళడానికి. బురదలో ఉన్నా సరే, మళ్ళడానికి వీలుండాలని ఎవరో అనుకుని గీశారు కదా, ఆ గీసినవాడు నాకు నచ్చాడు. యుద్ధం నాకు నచ్చలేదు. అందుకే చూడు, ఒక్క బండిలోనూ సైనికుడు లేడు. అందరూ దిగి ఇళ్ళకి వెళ్ళిపోయారు."

అలా ఆదివారాలు పంజగుట్ట వెళ్ళడం అలవాటైంది. పనిలో కూర్చునే ముందు ఆవిడ తన పమిట కొంగును రెండు బట్టల క్లిప్పులతో బల్ల అంచుకు తగిలించుకునేవారు. చేతిలోంచి జారిన ముక్క నేల మీద పడకుండా ఒడిలోని ఆ ఉయ్యాలలో పడేది. నాకు ఒక తువ్వాలు ఇచ్చి అలాగే క్లిప్పులు పెట్టించారు. మంగలి షాపులో కూర్చున్నట్టు ఉండేది. ఇంకో నియమం: పట్టకారులో ముక్క ఉండగా నవ్వించకూడదు. ఒకసారి నేనేదో అన్నాను, ఆవిడకు పుసుక్కున నవ్వొచ్చింది, ఆ ఊపిరికి సైడు అద్దం ఎగిరిపోయింది. ఇద్దరం మోకాళ్ళ మీద పాకి మంచం కింద, చీపురు ఈనెల్లో, పూజ గూటి ముందు వెతికాం. చివరికి నా జుట్టులో దొరికింది. "నీ తలలో ఇన్నాళ్ళకి పనికొచ్చే వస్తువొకటి కనిపించింది," అన్నారు ఆవిడ.

నాకు అప్పజెప్పిన మొదటి పని బండి మీద రంగు పోయినట్టు చూపించడం. స్పాంజి ముక్కను ముదురు రంగులో ముంచి అద్దాలి. గీతలు మాయం చెయ్యడం నా వృత్తి, తెప్పించడం ఎంతసేపు అనుకున్నాను. బండంతా అద్దిపెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"యాదగిరీ, ఇది బండి కాదు, చిరుతపులి."

"యుద్ధంకెల్లి వచ్చిన బండి గదా మేడమ్, జర దెబ్బలు ఎక్కువ తగిలినయి."

"దెబ్బలు కాదు. మనుషులు. రా కిందికి." మూడంతస్తులూ దించి, సెల్లారులో ఆగిన ట్రాలీ ఆటో ఎక్కమన్నారు. దిగమన్నారు. మళ్ళీ ఎక్కమన్నారు. వాచ్‌మన్ నన్నేదో పోలీసులకు పట్టిస్తున్నారనుకుని కుర్చీలోంచి లేచాడు. "ఇప్పుడు చెప్పు. కాలు ఎక్కడ వేశావు? చెయ్యి ఎక్కడ పట్టావు? దిగేటప్పుడు మోకాలు దేనికి రాసుకుంది?" ఆ మూడు చోట్లా ఆటోకు రంగు లేదు, ఇనుము మెరుస్తోంది. మిగతా ఒళ్ళంతా రంగు బాగానే ఉంది. "అక్కడే అద్దు. ఇంకెక్కడా వద్దు. రంగు పోయిన చోట ఒక మనిషి ఉన్నాడు."

ఆ రోజు బస్సులో తిరిగొస్తూ కమ్మీలు చూశాను. జనం చేతులు పట్టీ పట్టీ కమ్మీల మీద రంగు పోయిన చోట్లు కనిపించాయి. పొట్టివాళ్ళెక్కడ పట్టుకుంటారో, పొడుగువాళ్ళెక్కడ పట్టుకుంటారో కూడా తెలిసిపోతోంది. నా స్టాపు దాటిపోయింది.

ఆవిడ కళ్ళ సంగతి మొదట నాకు తెలియలేదు. ముక్కను పట్టకారుతో గాక వేళ్ళతో తడుముతుంటే ముసలితనం అనుకున్నాను. ఒక ఆదివారం వెళ్ళేసరికి కొత్త బొమ్మ విడిభాగాల కిట్టు పెట్టె బల్ల మీద విప్పి ఉంది. ఆవిడ దగ్గరున్న వాటన్నిట్లో పెద్ద హాఫ్‌ట్రాక్. వెనక పట్టీకి లింకులన్నీ విడివిడిగా, ఒక్కొక్కటి బియ్యపు గింజకు అన్నలా ఉంది. సోమాజిగూడలో డాక్టరు చెప్పాడట: చూపు మధ్యలో మసక మొదలైంది, అది పెరుగుతుందే గాని తగ్గదు, ఆపరేషన్ లేదు. "నీ మొహం చూస్తే చెవులు కనిపిస్తున్నాయి, ముక్కు లేదు," అన్నారు మామూలుగా. "ముక్కు అంత పెద్ద నష్టమేం కాదులే. కానీ దీన్ని చూడకుండా పోతానేమో. దీన్ని నువ్వు పూర్తి చెయ్యి."

నాకు భయమేసింది. భయమేస్తే నాకు జోకు వస్తుంది. "నా చేతికిస్తే హాఫ్‌ట్రాక్ క్వార్టర్ ట్రాక్ అయితది మేడమ్."

ఆవిడ నవ్వలేదు. "నువ్వు ప్రతిసారీ ఇంతే. బస్సు ఆగకముందే ఒక జోకు విసిరేసి దిగిపోతావు. ఈసారి చివరి స్టాపు దాకా కూర్చో."

ఆ తర్వాత ఆవిడను చెల్లెలు శ్రీనగర్ కాలనీలోని తన ఇంటికి తీసుకెళ్ళింది. పెట్టె నాతో షెడ్డుకు వచ్చింది. చాలాకాలం అటక మీదే ఉంది. ఆవిడ ఫోన్ చేస్తే "అయితుంది మేడమ్" అనేవాడిని. చూపు మధ్యలో ఆ మసక ఎంత పెరిగిందో అడిగే ధైర్యం లేక వాతావరణం గురించి అడిగేవాడిని. ఒకసారి ఆవిడే అన్నారు: "యాదగిరీ, ఇప్పుడు చెవులు కూడా లేవు." ఆ మధ్యాహ్నమే పెట్టె దించాను.

తువ్వాలుకు క్లిప్పులు పెట్టుకుని కూర్చుంటే మామయ్య చూసి, "గీ బొమ్మ బండికి ఇన్సూరెన్స్ సుత చేపిస్తవారా?" అన్నాడు. లింకులన్నీ అతికించి, ఇనుప కడ్డీలా తిన్నగా బిగించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ బండి గాలిలో తేలుతున్నట్టుంది. ఏం తప్పో అర్థం కాలేదు. బీరువాలోని బండ్లు గుర్తుచేసుకున్నాను. వాటి పట్టీ పై వరస చక్రాల మీద బరువుగా వాలి, మధ్య మధ్య కొంచెం దిగి ఉండేది, ఆరేసిన తడి చీరలా. మొత్తం ఊడదీశాను. ఊడదీసి మళ్ళీ కట్టడం నా జీవితంలో అదే మొదలు. అంతకుముందు ఊడదీయడం ఒక్కటే వచ్చు. రంగు పోగొట్టాల్సిన చోటికి వచ్చేసరికి ఈ బండి డ్రైవరు ఎవరా అని ఆలోచించాను. బండి ఆగకముందే దూకే రకం అనిపించింది. అందుకని మెట్టు మధ్యలో గాక, బయటి అంచున అద్దాను. ఒక్క అంచునే, బాగా అరిగినట్టు.

రాజ్యలక్ష్మి గారు పోయి రెండేళ్ళయింది. బీరువాలో బండ్లన్నీ చుట్టాలకు, తెలిసినవాళ్ళకు వెళ్ళాయి. ఇదొక్కటి ఆవిడ చెల్లెలు నాకు తిరిగి ఇచ్చింది. ఇప్పుడు షెడ్డు నాది, అద్దం పెట్టెలో ఆ హాఫ్‌ట్రాక్ నా బల్ల మీద ఉంటుంది. వచ్చిన గిరాకీ ప్రతి ఒక్కరూ దాన్ని చూసి, "అన్నా, మెట్టు కాడ రంగు పోయింది, జర టచప్ చెయ్యరాదు?" అంటారు. పోలేదు, కష్టపడి పోగొట్టానని చెప్తే, మొన్న ఒకాయన, "నా కారుకు కష్టపడకుండనే రంగు పోయింది. అట్లయితె నువ్వే నాకు పైసలు ఎదురియ్యాలె," అన్నాడు. కొడుకులు, కూతుళ్ళు తమ తండ్రుల పాత స్కూటర్లు తెచ్చి కొత్తదానిలా చెయ్యమంటారు. చేస్తాను, అదే నా తిండి. కానీ గన్ పట్టే ముందు హ్యాండిల్ దగ్గర, ఫుట్‌బోర్డు మీద, రంగు అరిగిన చోట్లు వాళ్ళకు చూపిస్తాను. ఇక్కడ ఆయన మడమ పెట్టేవాడు, చూడండి అంటాను. కొందరు సరే, రంగు కొట్టెయ్యమంటారు. కొందరు కాసేపు వంగి చూసి, ఇది ఉంచండన్నా అంటారు. ఉంచుతాను.

ఆ బండిని ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళిన రోజు శ్రీనగర్ కాలనీ ఇంట్లో బాల్కనీ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పెట్టాను. మొదట వేళ్ళు బానెట్టు మీద నడిచాయి, తర్వాత తలుపు, తర్వాత వెనక పట్టీ. అక్కడ ఆగి, పై వరసంతా మెల్లగా తడిమారు. "వాలింది," అన్నారు. "బరువుంది దీనికి." మెట్టు గురించి నేను చెప్పాను, అంచున మాత్రమే అద్దానని, డ్రైవరు ఎలాంటివాడో. ఆవిడ ఆ అంచు మీద వేలు ఉంచి, "తెలిసినవాడిలాగే ఉన్నాడు," అన్నారు.

"ఎప్పుడో అయిపోయింది మేడమ్. తెచ్చుడే లేటయింది."

ఆవిడ బండిని ముక్కు దగ్గరికి తీసుకున్నారు. "కమలాపండు వాసన ఇంకా పోలేదు. నిన్న అతికించావు."

ఆవిడ వేలు ముందుకు వెళ్ళింది. కుడి హెడ్‌లైటు తగిలింది. ఎడమవైపు ఖాళీ బొడిపె దగ్గర ఆగిపోయింది. అటూ ఇటూ వెతికారు. మొహం చిన్నబోయింది. "యాదగిరీ, ఇక్కడ దీపం ఏది?"

జేబులోంచి అగ్గిపెట్టె తీశాను. అందులో దూది మీద కందిగింజంత హెడ్‌లైటు, జిగురు సీసా నా రెండో జేబులో. రెండు బట్టల క్లిప్పులు కూడా తెచ్చాను. "అలవాటు యాడికి పోతది మేడమ్? ఒకటి వదిలేసిన. ఇది మీరు పెట్టాలె."

ఆవిడ తనే పమిట కొంగు అంచు వెతుక్కుని, ఒడి మీద పరుచుకుని, క్లిప్పుల కోసం చెయ్యి చాపారు.

"ఇన్నేళ్ళ నుంచీ వదిలేస్తూనే ఉన్నావు. సరిగ్గా వదిలెయ్యడం ఇవాళే చేతనైంది నీకు," అన్నారు. "ఏదీ, వేలి మీద పెట్టు. నవ్వించావో చూడు. ఎగిరిపోతే వెతకడానికి మనిద్దరికీ కలిపి ఉన్నవి నీ కళ్ళే."