తొట్టికి గాలి ఆడాలని

ధాన్యం తొట్టికి ఐదు చిల్లులు పెట్టించి, రామచంద్రపురం చుట్టుపక్కల మిల్లులన్నిటా నవ్వులపాలైన మహానుభావురాలిని నేనే. ఈ ఘోరం ఇంకొకరి నోట వినేకంటే నా నోటే వినండి. వాళ్లయితే పది చిల్లులని చెబుతారు.

డిప్లొమా చేతికి రాగానే, రైస్‌మిల్లు యంత్రాలు తయారుచేసే వర్క్‌షాపులో చేరాను. అక్కడ సత్యం గారనే పెద్దాయన ముప్పై ఏళ్లుగా చేత్తో గీసిన డ్రాయింగులున్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడమే నా పని. ఓనరు ప్రసాద్ గారు మొదటిరోజే తేల్చి చెప్పేశారు.

"ముందు ఈ ధాన్యం తొట్టి డ్రాయింగు చెయ్యమ్మా. ద్రాక్షారామం దగ్గర మిల్లుకి ఇవ్వాలి. సరిగ్గా వస్తే ఉద్యోగం పర్మనెంటు. తేడా వచ్చిందో, నీ దారి నీది."

తేడానా? నాకా? కాలేజీలో కంప్యూటర్ డ్రాయింగులో ఫస్టు వచ్చినదాన్నండీ! చెవిలో పెన్సిలు పెట్టుకుని మూల కూర్చున్న సత్యం గారిని చూసి జాలిపడ్డాను కూడా.

ఆయన కాగితాల చుట్ట విప్పితే దుమ్ము. దుమ్ము తగిలితే నాకు తుమ్ములు. అందుకని చుట్ట విప్పకుండానే రాజమండ్రిలో స్కానింగ్ షాపుకి పంపి, నలుపు తెలుపుల్లో పెన్‌డ్రైవ్‌లో తెప్పించుకున్నాను.

"కాగితం పక్కన పెట్టుకుని గియ్యమ్మా," అన్నారు సత్యం గారు.

"అక్కర్లేదండి. స్క్రీన్ మీద పెద్దది చేస్తే దోమకాలు కూడా కనపడుద్ది."

"పోనీ, అర్థం కానిదుంటే అడుగు."

"ఆ అవసరం రాదండి."

వచ్చింది. తొట్టి ముందువైపు రేకు మీద వరసగా ఐదు నల్లటి చుక్కలు. పక్కన కొలత లేదు. సత్యం గారేమో మనవరాలి పెళ్లికని కడియం వెళ్లారు. ఫోన్ చేసి అడగవచ్చు. కానీ అడిగితే నామోషీ కదా! చుక్కలు కొంచెం వంకరగా ఉంటే, పాపం పెద్దాయన చెయ్యి వణికిందనుకుని తిన్నగా సర్ది, వేలు పట్టేంత చిల్లులు ఐదు అని కొలతలతో సహా రాసేశాను.

రేకు కోసే సూరిబాబు ఆ డ్రాయింగు పట్టుకుని వచ్చాడు.

"మేడం గారూ, ధాన్యం తొట్టికి ఈ కన్నాలేంటండీ?"

"గాలి ఆడటానికి."

"ధాన్యం కారిపోదాండీ?"

"లోపల ఉక్కపోతకి ధాన్యం చెమ్మగిల్లదూ? గాలి ఆడాలి. మీరు కొయ్యండి."

ఎంత గట్టిగా చెప్పానంటే, చెప్పాక నాక్కూడా నిజమనిపించింది. అందరూ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నా కుందేలుకి గాలి ఆడటానికి చిల్లులు కూడా ఉన్నాయి.

కొత్త తొట్టి మిల్లులో బిగించిన రోజున, పెళ్లి నుంచి నేరుగా వచ్చిన సత్యం గారితో సహా అందరం వెళ్లాం. మిల్లు యజమానురాలు వరలక్ష్మి గారు యంత్రానికి బొట్టు పెట్టడానికి కుంకుమ పళ్లెంతో వచ్చారు. మొదటి బొట్టు పెట్టబోతే వేలు లోపలికి పోయింది.

"అయ్యో, ఇక్కడ కన్నముందేంటండీ!"

పక్కన పెట్టబోయారు. అక్కడా కన్నమే. సరిగ్గా బొట్టు పెట్టాల్సిన ప్రతిచోటా కన్నమే! ఈలోగా పైనుంచి ఎవరో బస్తా గుమ్మరించారు. ఐదు ధారలుగా ధాన్యం ఆవిడ కుంకుమ పళ్లెంలోకి దూకింది.

"ఏంటమ్మా ఇది?" ప్రసాద్ గారి గొంతు మారిపోయింది.

"కాగితంలో ఉన్నదే గీశానండి!" నేనేం తగ్గలేదు.

డ్రాయింగు చంకలో లేకుండా సత్యం గారు ఏ మిల్లుకీ రారు. ఆ చుట్ట తీసి విప్పారు. ఐదు చుక్కలూ ఎర్రగా ఉన్నాయి. కుంకుమ.

"కొత్త యంత్రం గీయడం అవ్వగానే బొట్లు పెట్టడం నా అలవాటమ్మా," అన్నారాయన.

పొద్దున్నే మా గుమ్మానికి బొట్లు పెట్టేది నేనేనండీ. సిగ్గుతో చచ్చిపోయాను, ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అలాగని ఒప్పేసుకుంటానా?

"కొలత రాయకుండా బొట్లు పెట్టింది ఆయనండి! నేను తిన్నగా సర్దాను కూడా!"

ప్రసాద్ గారు నోరు తెరిచేలోగా సత్యం గారు పగలబడి నవ్వారు. "ఈ పిల్లని ఉంచండి బాబూ. నా కాగితం మీద కుంకుమనే వదల్లేదు, ఇంక గీతని వదులుద్దా?"

ఉద్యోగం నిలిచింది. ఐదు చిల్లులకీ ఐదు బోల్టులు బిగించారు. వరలక్ష్మి గారు వాటి నెత్తిన బొట్లు పెట్టి, "బొట్టు చెరిగినా చోటు చెరగదు, భలే ఉన్నాయండీ," అన్నారు. అది చూసిన పక్క మిల్లువాళ్లు, కడుపుబ్బా నవ్వినవాళ్లే, తమ తొట్టికీ బొట్టు బోల్టులు కావాలన్నారు. ఇప్పుడు మా ప్రతి తొట్టి డ్రాయింగులోనూ ఆ ఐదూ ఉంటాయి, కొలతలతో సహా. నవ్వండి మరి!

అయినా తప్పు తప్పే. భీమేశ్వరస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎన్ని తుమ్ములొచ్చినా సరే, కాగితం విప్పి చూడనిదే గీత గీయను. తెలియనిది అడగకుండా వదలను. ఇక ధాన్యానికి గాలి ఆడాలన్న మాట, ఆ ధాన్యమే వచ్చి ఉక్కపోస్తోందని చెప్పినా సరే, నా నోట రాదు.