పిట్టకు పెట్టిన రోజు జర్మన్ బండి

మా బాపు పోయిన మరునాడు పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది మొదట అడిగింది కారు గురించి.

"బండికేం కాలేదట గద?"

కాలేదు. చిన్న గీత కూడా పడలేదు. యజమానిని తీసుకురావడానికి బాపు ఒక్కడే కారులో వెళ్తుండగా గుండె పట్టేసింది. పట్టపగలు, నిండు ట్రాఫిక్. అంత నొప్పిలోనూ కారును రోడ్డు పక్కకు తీసి, ఆపి, వెనక వచ్చేవాళ్లకు తెలిసేలా లైట్లు వేసి, సీటులోనే తల వాల్చేశాడు. ఎవరో చూసి తలుపు తీసేసరికి అంతా అయిపోయింది.

"గంత మంచి బండిల గూడ పాణం పోతదా?" అని మా పక్కింటామె నిజంగానే ఆశ్చర్యపోయింది. నాకు కోపం రావలసిన మాట అది. మామూలు రోజుల్లో అయితే ఆమె గుమ్మం దాటేలోపు నాలుగు అంటించి పంపేదాన్ని. ఆ రోజు ఏమీ అనిపించలేదు. చావింట్లో పొయ్యి వెలగదు కాబట్టి ఆమె ఫ్లాస్కులో తెచ్చిన చాయే ఆమెకు ఓ కప్పు పోసి ఇచ్చాను. తాగింది.

ఒక్క మనిషి మాత్రం కారు ఊసెత్తలేదు. బార్కస్‌లో షెడ్డు నడిపే మెకానిక్ భాయ్, బాపుకు పాత దోస్తు. వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరే నిలబడి అమ్మతో "హాత్ బహుత్ అచ్ఛా థా భాభీ, భాయ్ కా" అన్నాడు. బాపు చెయ్యి చాలా మంచిదని అంత మాట చెప్పి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

బాపు ఒక బట్టల వ్యాపారి దగ్గర డ్రైవరు. మేముండేది ఉప్పుగూడలో. పొద్దున్నే స్టేషనుకు నడిచి, లోకల్ రైలెక్కి, దబీర్‌పురా, మలక్‌పేట దాటేదాకా కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్లేవాడు. యజమాని ఇంటికి చేరాక, జనం నోరెళ్లబెట్టి చూసే కారులో కూర్చునేవాడు. సాయంత్రం మళ్లీ కడ్డీ పట్టుకుని నిలబడి ఇల్లు చేరేవాడు. ఇందులో తమాషా ఉందని ఆయనకెప్పుడూ తోచలేదు. ఆ కంపెనీకి పెద్ద పేరే ఉంది కానీ మా ఇంట్లో ఎవరికీ దానితో పని పడలేదు. మా గల్లీ మొత్తానికి అది జర్మన్ బండి. నేనూ అదే రాస్తాను.

దాని చరిత్ర మాత్రం మాకు కంఠతా వచ్చు. షోరూమువాళ్లు యజమానికి చెప్పింది యజమాని బాపుకు చెప్తే, బాపు దానికి ఉప్పూ కారం వేసి మాకు చెప్పేవాడు. అన్నిట్లోకీ ఆయనకు బాగా ఇష్టమైనది కారు కనిపెట్టిన మనిషి భార్య కథ.

"నూరేండ్లకు పై ముచ్చట. మొగడు బండి జేసిండు గని దూరం తీస్కపోనీకి ధైర్యం జేస్తలేడు. పెండ్లాం ఏం జేసిందో ఎర్కనా? మొగనికి చెప్పకుంట ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని తల్లిగారింటికి పోయింది. నడుమల నూనె అయిపోతే మందుల దుకాన్ల కొన్నది!"

అమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అడిగేది. "ఎందుకు పోయింది? కొట్లాడుకున్నరా?"

"కొట్లాట గాదే. బండి నడుస్తదని లోకానికి సూపియ్యనీకి."

"లోకానికి సూపియ్యాల్నంటే ఊర్లె తిప్పినా సరిపోతుండె. తల్లిగారింటికి పోయిందంటే ఏదో అయ్యింది." అమ్మ తీర్పు ఎప్పుడూ అదే. బాపు తల కొట్టుకునేవాడు. మళ్లీ నెల తిరగకుండా అదే కథ, అదే తీర్పు.

కథలయ్యాక గుణగణాలు. ఆ కారు తలుపు వేస్తే వచ్చే చప్పుడు ఇంకే కారుకూ రాదట. ఎలా ఉంటుందో చూపించడానికి మా ఇనుప బీరువా తలుపును మెల్లగా, రెండు చేతులతో వేసేవాడు. బీరువా కిర్రుమనేది. "గిట్ల గాదు, ఇంక మెత్తగ," అనేవాడు. కొత్త బండి చేస్తే అమ్మే ముందు మనిషి బొమ్మలను కూర్చోబెట్టి గోడకు గుద్ది చూస్తారట. వాళ్ల దేశంలో కొన్ని రోడ్ల మీద ఇంత వేగం దాటొద్దన్న లెక్కే లేదట. మా వైపు పెళ్లిళ్లలో గులాబీలు కట్టిన జర్మన్ బండి ఫంక్షన్ హాలు ముందు ఆగితే, అది కిరాయికి తెచ్చిందని తెలిసి కూడా జనం పెళ్లికొడుకును వదిలేసి దాని చుట్టూ మూగేవాళ్లు. బాపు అప్పుడు దూరంగా నిలబడి, తన పిల్లను ఎవరో ముద్దు చేస్తున్నట్టు నవ్వుకునేవాడు.

ఒక ఆదివారం నేను ఫోనులో ఇంకో చరిత్ర చదివాను. యుద్ధం రోజుల్లో అక్కడి పెద్ద ఫ్యాక్టరీలన్నిటిలాగే ఇందులోనూ ఖైదీలతో, వేరే దేశాల నుంచి పట్టి తెచ్చినవాళ్లతో బలవంతంగా పని చేయించారని, ఆ సంగతి తర్వాత కంపెనీయే ఒప్పుకుందని. బాపును కాస్త కదిలించాలనే పైకి చదివాను. ఆయన సాంతం విన్నాడు.

"సారు చెప్పలే గిది," అన్నాడు. "జీతం లేకుంటనా?"

"లేకుండానే."

లేచి స్నానానికి పోయాడు. పై వారం మళ్లీ భార్య కథే చెప్పాడు. నేనూ ఆ ఖైదీల సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ కారులో మమ్మల్ని ఒక్కసారి కూడా ఎక్కించలేదు. అమ్మకు ఆపరేషనైనప్పుడు బండి తీసుకుపొమ్మని యజమాని తనంతట తానే అన్నాడు. బాపు ఆటో పిలుచుకొచ్చాడు. ఎందుకంటే "అది మనది గాదు" అన్నాడు, అంతే. చుట్టాలంతా దీన్ని విడ్డూరంగా చెప్పుకునేవాళ్లు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, శ్మశానానికి తీసుకెళ్లి, విస్తట్లో వడ్డించి దూరం జరగాలి. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక ఉండిపోయినట్టు. ఏ కోరికో కనిపెట్టి, తీరుస్తామని పైకి చెప్పాలి. అప్పుడు ముడుతుందంటారు. నేను ఇవేవీ నమ్మే మనిషిని కాదు. కానీ ఆ పొద్దున అమ్మ నా మొహంలోకి చూసి "ముడుతది గద బిడ్డా?" అంది. అప్పటికి అమ్మ మాట్లాడి రెండు రోజులైంది. "ముడుతది" అన్నాను. ఆ మాట అన్నాక నాకూ అది ముట్టి తీరాల్సిన పనైపోయింది.

అన్నం, బోటి కూర, ఉడకబెట్టిన గుడ్డు, చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, బీడీ కట్ట. అన్నీ పెట్టి, వేపచెట్టు కిందికి జరిగి నిలబడ్డాం. గోడ మీద కాకులున్నాయి. అటువైపు మటన్ కొట్లున్నాయి కాబట్టి వాటికి మా బోటి కూర పెద్ద వింత కాదు. ఒకటి మా వైపు తిరిగి చూసి, మళ్లీ అటే తిరిగింది.

ఎండ ఎక్కింది. మా మేనత్త, బాపు అక్క, కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

"తమ్మీ! బిడ్డ పెండ్లి ఫికరు వెట్టుకున్నవా? మేం జేస్తం. నువ్వు తిను."

ముప్పై దాటిన నా పెళ్లిని తీసుకెళ్లి కాకి ముందు పెట్టింది. కాకి దాన్ని లెక్కచేయలేదు, మంచి పని చేసింది.

"ఇంటి మీద ఇంకో అర్ర ఏస్తమన్నవు. ఏపిస్తం తమ్మీ."

కదల్లేదు. అత్త నా వైపు తిరిగింది. "నీకు చెప్తుండె గద అన్ని. ఏం కావాల్నంటుండె?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. బాపుకేం కావాలో నాకు తెలియాలి కదా, ఒక్కతే కూతుర్ని. తలుపు చప్పుడు గుర్తొచ్చింది. మందుల దుకాణంలో కొన్న నూనె గుర్తొచ్చింది. గోడకు గుద్దే బొమ్మలు గుర్తొచ్చాయి. బాపు తన గురించి చెప్పిన మాట ఒక్కటీ దొరకలేదు. దానికైనా గుండె పగలాలి. పగల్లేదు. చెప్పుల్లోంచి కాళ్లు కాలుతున్నాయి, అంతే తెలిసింది.

"బండి!" అత్తే అరిచింది. "ఔ, బండే. ఇన్నేండ్లు ఊరోళ్లను తిప్పిండు గని పెండ్లాం బిడ్డలను ఒక్కనాడు ఎక్కియ్యలే. గదే మనసుల వెట్టుకొని పోయిండు."

అందరికీ అది నిజమనిపించింది. అమ్మ విస్తరి వైపే చూస్తోంది. "ముట్టకపోతే ఎట్ల?" అని ఒక్కసారి అంది, ఎవరితోనో తెలియదు. మా చుట్టాల్లో ఒకతను యజమానికి ఫోను చేశాడు.

ఆయన వస్తాడనుకోలేదు. వచ్చాడు. కొత్త డ్రైవరుతో, అదే కారులో. శ్మశానం గేటులోంచి అది పట్టదు. రోడ్డు మీదే ఆపి, ఆయన లోపలికి నడిచొచ్చి అమ్మ ముందు చేతులు జోడించాడు. "ఎన్నిసార్లు చెప్పిన అమ్మా, ఇంటోళ్లను ఎక్కించుకపో అని. ఒక్కనాడు ఇనలే." ఆయన కళ్లల్లో నీళ్లు ఉన్నాయి. మంచి మనిషే.

అమ్మనూ నన్నూ వెనక సీట్లో కూర్చోబెట్టారు. తలుపు పడింది. చప్పుడు బాపు చెప్పినట్టే ఉంది. బయటి మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ముందు సీటును కొత్త మనిషి తన కాళ్లకు తగ్గట్టు వెనక్కి జరుపుకున్నాడు. బాపు తల వాల్చింది ఆ సీటులోనే. నేను దాన్ని చూశాను, ఉత్త సీటు లాగానే ఉంది. అమ్మ చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని, ఆ తోలుకు ఆనకుండా అంచున కూర్చుంది. డ్రైవరు పెద్ద రోడ్డు దాకా తిప్పి తీసుకొచ్చాడు. దారిలో ఆమె కిటికీలోంచి చూడలేదు. నేను ఏసీ చల్లగా ఉందనుకున్నాను.

దిగేసరికి చుట్టాలు గేటు బయటే ఉన్నారు. మేము వెళ్లినప్పటి నుంచీ యజమాని చుట్టూ చేరి బండి ముచ్చట్లే. మేము దిగగానే కుర్రాళ్లు కారుకానుకుని ఫోటోలు మొదలుపెట్టారు. శ్మశానం లోపల, విస్తరి దగ్గర ఎవరూ లేరు. అత్త ముందు వెళ్లి కేకేసింది.

"ముట్టింది! ముట్టిందే పిల్లా!"

విస్తరి పక్కకు జరిగి ఉంది. అన్నం చిందింది. గుడ్డు లేదు. బిస్కెట్లలో ఒకటి లేదు. కాకో, కుక్కో, పిల్లో ఎవరూ చూడలేదు. ఎవరికీ ఆ అనుమానం కూడా రాలేదు. జర్మన్ బండి వచ్చింది, పిట్ట ముట్టింది. అప్పటికప్పుడు ఆ కంపెనీ చరిత్రలో ఇది కూడా చేరిపోయింది. ఇప్పటికీ మా చుట్టాల్లో ఏ చావు దగ్గరైనా ఈ కథ చెప్పుకుంటారు. చెప్పిన ప్రతిసారీ కాకుల సంఖ్య పెరుగుతోంది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నాలకు కూర్చున్నాం. అత్త అప్పుడే కొత్తగా వచ్చినవాళ్లకు కథ మొదలుపెట్టింది. అమ్మ నా పక్కన కూర్చుని, నాకు మాత్రమే వినబడేలా అంది.

"బండి కోసం రాలే బిడ్డా. మనమెవ్వరం లేనప్పుడు వచ్చింది."

నేను ఆమె వైపు తిరిగాను.

"గా నౌకరిల చేరిన కాడికెల్లి మీ బాపు కడుపునిండ తిన్నది నేను సూడలే. కంచంల చెయ్యి వెట్టంగనే ఫోను. సారు పిలుస్తుండని సగం తిని ఉరుకుడే. పండుగనాడు గూడ గంతే. ఎవ్వరు పిలువకుంట, ఎవ్వరు సూడకుంట ఒక్కపూట తినాలనుకున్నడు. గంతే. గాయిన కోరిక గదే. మనం చుట్టు నిలవడి, తిను తిను అని లొల్లి వెడితిమి."

అప్పుడే నా ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. నేను అక్కడ బిల్లుల కౌంటర్లో పని చేస్తాను. సెలవు పెట్టినా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. నా చెయ్యి కంచంలో ఉంది. ఎడమ చేత్తో ఫోను అందుకుంటూ సగం లేచాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది, ఎంగిలి చేత్తోనే. మెతుకులు నాకంటుకున్నాయి.

"కూసో."

ఫోను మోగి ఆగింది. మళ్లీ మోగింది. అమ్మ చెయ్యి వదల్లేదు.

"తిను."

కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ మూడు రోజుల్లో మొదటిసారి నా నోటికి ఏదో తెలిసింది. కూరలో ఉప్పెక్కువైంది. ఆ మాటే అమ్మకు చెప్పబోయాను. నోట్లో ముద్దతో, చెప్పలేక, ఏడ్చేశాను.