కొండగట్టు బొట్టున్న మెగ్గర్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్‌గా జగిత్యాలలో వేశారు. కోరుట్ల, సిరిసిల్ల కూడా నా పరిధిలోకే వచ్చేవి. శాఖ పేరు ఇక్కడ అవసరం లేదు. ఇళ్ళకు, మిల్లులకు, మగ్గాల షెడ్లకు కరెంటు పని చేసే కాంట్రాక్టర్లకు లైసెన్సు ఇవ్వవచ్చునా లేదా అని చూసి రాసే శాఖ అంటే చాలు. లైసెన్సు ఇచ్చేది హైదరాబాదులో కూర్చునే బోర్డు. చూసేది మేము. బోర్డు మా కళ్ళను నమ్ముతుంది, మా కళ్ళు ఫారంలోని గళ్ళను నమ్ముతాయి.

ఆ గళ్ళేమిటో చెప్పాలి. లైసెన్సు కోరేవాడికి సొంత దుకాణమో ఆఫీసో ఉండాలి. పర్మిట్లున్న సూపర్‌వైజరు, వైర్‌మన్‌లు ఉండాలి. పరీక్ష పరికరాలు ఉండాలి, వాటికి నంబర్లు, బిల్లులు ఉండాలి. పరికరాల్లో ముఖ్యమైనవి రెండు. మెగ్గర్ అంటే, పిడి పట్టి తిప్పితే తీగ మీది తొడుగులోంచి కరెంటు బయటికి కారుతున్నదా అని సూదితో చూపించే పెట్టె. ఎర్త్ టెస్టర్ అనేది, దారి తప్పిన కరెంటును నేలలో పాతిన ఎర్తింగు లోపలికి లాక్కుంటుందా లేదా అని చెబుతుంది. సిరిసిల్లలో మగ్గం నడిపేవాడి చెయ్యి పొద్దంతా ఇనుప చట్రం మీదనే ఉంటుంది. ఎర్తింగు చెడితే నేలలోకి పోవలసిన కరెంటు అతని ఒంట్లోంచి పోతుంది. అందుకే ఈ రూలు. రూలు రాసిన పెద్దలు, మెగ్గర్ ఉన్నవాడు మెగ్గర్ వాడతాడని అనుకున్నారు. ఎంత అమాయకులో పాపం.

తనిఖీకి వెళ్ళే ముందు నోటీసు పంపాలి. ఫలానా రోజు ఫలానా వేళకు వస్తున్నాం, పరికరాలతో, బిల్లులతో సిద్ధంగా ఉండండి అని. దొంగను పట్టడానికి బయలుదేరుతూ దొంగకే కబురు పంపే పోలీసు ఎక్కడైనా ఉంటాడో లేదో నాకు తెలియదు. మేము మాత్రం రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాళ్ళం.

ఆ వేసవిలో నా దగ్గరికి మూడు దరఖాస్తులు ఒకేసారి వచ్చాయి. జగిత్యాల, కోరుట్ల ఒక రోజుకు, సిరిసిల్ల మరుసటి రోజుకు పెట్టుకున్నాను.

జగిత్యాలలో దరఖాస్తుదారు సుదర్శన్. టవర్ దగ్గర అతనికి టైల్సు, నల్లాల దుకాణం ఉంది. నేను వెళ్ళేసరికి బల్ల మీద గుడ్డ పరిచి పరికరాలు పేర్చి ఉన్నాయి, పెళ్ళికూతురికి సారె పెట్టినంత ముచ్చటగా. మెగ్గర్ అద్దం మీద సింధూరం బొట్టు ఉంది. అది కూడా ఎక్కడో ఓ మూలన కాదు, తొడుగు బాగున్నప్పుడు సూది ఎక్కడికి వచ్చి ఆగుతుందో సరిగ్గా అక్కడ.

"ఇదేమిటి?" అని అడిగాను.

"దసరాకు ఆయుధ పూజ చేసినం సార్. కొండగట్టు అంజన్న సింధూరం" అన్నాడు.

కొత్తగా వైరింగు చేసిన ఇంట్లో ఈ సూది ఎంత చూపాలి అని అడిగితే కాసేపు ఆలోచించి, "మంచిగ తిరుగుతది సార్" అన్నాడు. అతని లైసెన్సు అర్హతకు ఆ జవాబుతో సంబంధం లేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు. నంబరు రాసుకున్నాను, బిల్లుతో సరిపోయింది, గడిలో టిక్కు పెట్టాను.

లేవబోతుంటే భోజనం చేయనిదే కదలనివ్వనని పట్టుబట్టాడు. "అన్నం తినకుంట పోతే ఎట్ల సార్, మా జగిత్యాల పరువేం గావాలె?" అన్నాడు. దరఖాస్తుదారు ఇంట్లో తినకూడదని మాకు ఆదేశం ఉంది. హోటల్లో తినకూడదని లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ భోజనం ఎంతకీ తెగలేదు. కోడికూర తర్వాత చేప అన్నాడు, చేప తర్వాత పెరుగు, పెరుగు తర్వాత పాన్. మధ్యమధ్య ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. ఒక ఫోన్ వచ్చింది, "ఆఁ, సరే" అన్నాడు, అంతే, నోట్లో పాన్ ఉండగానే నన్ను లేపాడు. "ఇగ పోండ్రి సార్, ఎండ ముదురుతది." ఎండ ముదిరి అప్పటికి రెండు గంటలైంది.

కోరుట్లలో బల్ల ముందు కూర్చున్నాకగానీ ఆ మర్యాద ఎందుకు చేసిందో నాకు అర్థం కాలేదు. అక్కడ బల్ల మీద మెగ్గర్ ఉంది. అద్దం మీద బొట్టు ఉంది. పెట్టె ముట్టుకుంటే కాలుతోంది. ఎండలో బండి మీద నాకంటే ముందు వచ్చిన పెట్టె. అది కోరుట్ల చేరేదాకా నన్ను ఆపడానికి ఆ కోడి, ఆ చేప. నంబరు చూశాను. పొద్దున రాసుకున్న నంబరే. బిల్లు మాత్రం వేరే దుకాణానిది, వేరే పేరు మీద ఉంది.

కోరుట్ల ఆసామిని అడిగాను, "దీన్ని నేను పొద్దున జగిత్యాలలో చూశాను కదా?"

అతను తొణకలేదు. "కంపెనీ మాలు గద సార్, అన్ని ఒక్క తీర్గనే చేస్తరు."

"బొట్టు కూడా కంపెనీయే పెడుతుందా?"

"అంజన్న అందరికి ఒక్కడే గద సార్" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే పై అధికారికి ఫోన్ చేసి ఒకే నంబరు, రెండు బిల్లులు, బొట్టు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. ఆయనది మంచి ఓపిక, ఏ పనీ చేయకుండా ముప్పై ఏళ్ళు సర్వీసు లాగించినవారు.

"నువ్వు పోయినప్పుడు పరికరం ఆడ ఉన్నదా లేదా?" అన్నారు.

"ఉంది సార్."

"బిల్లున్నదా?"

"ఉంది సార్."

"మరి ఇంకేం గావాలె నీకు? తనిఖీ సమయమున చూపవలెను అని ఉన్నది రూలుల. చూపిండ్రు. తనిఖీ అయినంక ఆ పెట్టె ఎవలింట్ల పండుకుంటదో నీకెందుకయ్యా?"

రెండు ఫైళ్ళలోనూ ‘పరికరములు కలవు’ అని రాశాను. ఆ మాట అబద్ధం కూడా కాదు. అదే దాని గొప్పతనం.

మరునాడు సిరిసిల్ల వెళ్ళాను. అక్కడి దరఖాస్తుదారు గంగారాం. రుద్రంగి మనిషి. వాళ్ళ నాయన కల్లు గీయడానికి తాళ్ళు ఎక్కేవాడట. ఇతను పద్నాలుగేళ్ళు దుబాయిలో ఒక పెద్ద కంపెనీలో ఎలక్ట్రీషియనుగా చేసి వచ్చాడు. వచ్చాక పరీక్ష రాసి సూపర్‌వైజర్ పర్మిట్ తెచ్చుకున్నాడు. మగ్గాల వీధిలో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని షెడ్లకు పని చేస్తున్నాడు. లైసెన్సు లేదు కనుక పని పూర్తయ్యాక ఇచ్చే టెస్టు రిపోర్టు మీద అతని సంతకం చెల్లదు. ఎవరో లైసెన్సు ఉన్నవాడి సంతకం కోసం తిరగాలి. పని ఇతనిది, పేరు వాళ్ళది.

అతని మెగ్గర్ దుబాయి నుంచి తెచ్చుకున్నది. పిడి మీద రంగు అరిగిపోయి ఇత్తడి కనిపిస్తోంది. అద్దం శుభ్రంగా ఉంది. చూపించమంటే పక్క షెడ్డులోకి తీసుకుపోయాడు. ఆగి ఉన్న ఒక మగ్గం మోటారుకు తీగలు తగిలించి, పిడి తిప్పి, సూది ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. షెడ్డు యజమానిని పిలిచి, "దీన్ని నడపకు పటేలా, తొడుగు పోయింది. చెయ్యి పెట్టినోడు పోతడు" అని చెప్పాడు. నిన్న రెండు ఊళ్ళలో నాకు కనబడని తనిఖీ అక్కడ కనబడింది.

"బిల్లు?" అన్నాను.

"పద్నాలుగేండ్ల కింద కొన్న సార్. బిల్లు ఏడికెళ్ళి తేవాలె?"

"ఎర్త్ టెస్టర్?"

"లేదు సార్. ఆర్డర్ పెట్టిన, పది రోజులల్ల అస్తది." అడగకుండానే తనే చెప్పాడు. "పొద్దుగాల ఒకాయన బండి మీద పెట్టె తీస్కచ్చిండు సార్. మీరు పోయేదాక పెట్టుకొమ్మన్నడు. వాపస్ పంపిన."

"ఎందుకు పంపావు?"

"నాది గాదు గద సార్. మీరడిగితే నాదని ఎట్ల చెప్పాలె?"

తర్వాత అసలు సంగతి చెప్పాడు. మస్కట్ వీసా వచ్చి ఉంది, నెలలోపల ఎక్కాలి. "లైసెన్సు అస్తదంటే వీసా ఇడిసిపెడ్త సార్. బిడ్డ ఆరో తరగతికి అచ్చింది, నేను ఇంట్ల ఉన్న దినాలు లెక్కవెడ్తె రెండేండ్లు గూడ కాదు. గీడనే పని జేసుకుంట ఉంట."

ఇక్కడ పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. లోటు ఉన్న ఫైలు మీద నేను రెండు రకాలుగా రాయవచ్చు. ‘షార్ట్‌ఫాల్’ అని రాస్తే, లోటు పూడ్చుకోవడానికి దరఖాస్తుదారుకు కొద్ది రోజుల గడువు దొరుకుతుంది. ‘తిరస్కరించవచ్చును’ అని రాస్తే మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి, బోర్డు మళ్ళీ కూర్చునేదాకా నెలల తరబడి ఎదురుచూడాలి. గంగారాం అడిగింది పది రోజులు. కలంలో సిరా ఉంది, చేతిలో అధికారం ఉంది.

నేను తిరస్కరించవచ్చునని రాశాను.

ఎందుకని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు చిన్నదే, నీచమైనదే. నిన్నటి నుంచి నా కడుపులో కోపం ఉంది. రూలంటే రూలే అని ఎవరో ఒకరి మీద గట్టిగా అనాలని ఉంది. సుదర్శన్ మీద అనలేకపోయాను, కోరుట్లవాడి మీద అనలేకపోయాను, ఫోన్లో పెద్దమనిషి మీద అసలే అనలేకపోయాను. అనడానికి వీలుగా ఎదురుగా నిలబడ్డవాడు గంగారాం ఒక్కడే, ఎందుకంటే నిజం చెప్పి దొరికిపోయినవాడు అతనొక్కడే. పైగా జీపు ఎక్కుతూ, నిక్కచ్చిగా పనిచేశానని తృప్తి కూడా పడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రాసింది అతనికి చూపించాను. చదువుకున్నాడు. "రూలే గట్ల ఉన్నప్పుడు మీరేం జేస్తరు సార్" అన్నాడు. జీపుదాకా వచ్చి సాగనంపాడు. నెల తిరక్కముందే మస్కట్ వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.

మిగతా ఇద్దరికీ లైసెన్సులు వచ్చాయి, ఫ్రేములు కట్టించుకున్నారు. ఏడాదిన్నర తర్వాత సిరిసిల్లలో ఒక షెడ్డులో మగ్గం కార్మికుడు షాక్ తగిలి పడిపోయాడు. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి మునుపటిలా పనిచేయలేదు. విచారణకు నేనే వెళ్ళాను. ఆ షెడ్డు టెస్టు రిపోర్టు మీద సుదర్శన్ సంతకం ఉంది. అతను సంతకం చేసిన మిగతా షెడ్ల రిపోర్టులు కూడా తెప్పించి చూస్తే అన్నింటిలోనూ ఎర్తింగు కొలత ఒకటే, చుక్క తర్వాతి అంకెతో సహా. సిరిసిల్ల నేలంతా ఒక్క అచ్చులో పోసినట్టు. నోటీసు ఇచ్చాము. జవాబు ఇచ్చాడు. జవాబు సంతృప్తికరముగా ఉన్నదని పైన రాశారు.

గంగారాం కరోనా తర్వాత తిరిగి వచ్చాడు. నా పదవీ విరమణకు కొన్ని నెలల ముందు అతని పేరుతో ఫైలు మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది. నోటీసు పంపాను, చెప్పిన రోజుకు వెళ్ళాను. అదే వీధి, అదే షట్టర్. జుట్టు నెరిసింది.

బల్ల మీద గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద మెగ్గర్. అద్దం మీద కొండగట్టు బొట్టు, ఏటేటా దసరాకు పెట్టగా పెట్టగా అట్టకట్టి ఉంది.

"మెగ్గర్ సార్. ఎర్త్ టెస్టర్ సార్. బిల్లులు గివి" అన్నాడు గంగారాం. నా ముఖం చూడలేదు.

వెనక అరలో పాత దుబాయి మెగ్గర్ ఉంది. దాని పక్కనే మస్కట్‌లో కొన్న ఎర్త్ టెస్టర్, దాని బిల్లు కూడా ఉన్నాయి. బిల్లు అరబ్బీలో ఉంది. చెల్లదని మా ఆఫీసులోనే ఎవరో చెప్పి పంపారట. సొంత పరికరాలు అరలో, అరువు పరికరాలు బల్ల మీద.

"ఇవి నీవేనా?" అని అడిగాను. అది ఫారంలో ఉన్న ప్రశ్నే.

"నావే సార్" అన్నాడు.

నంబరు రాసుకోవడానికి పెట్టె తిప్పి చూడలేదు. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. ‘పరికరములు కలవు’ అని రాశాను. అతనికి లైసెన్సు వచ్చింది. మంచి పనివాడని సిరిసిల్లలో పేరుంది.

ఇప్పటి ఇన్‌స్పెక్టర్లు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతారు. నంబరు కంటే ముందు అద్దం చూడండి, పిడి మీది అరుగుదల చూడండి, పరికరాన్ని దరఖాస్తుదారు చేత మీ ఎదుట వాడించండి అని చెబుతాను. షార్ట్‌ఫాల్ అనే మాట ఫారంలో ఎందుకుందో గుర్తుపెట్టుకోండి అని కూడా చెబుతాను. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే: నేను తనిఖీ చేసిన ముగ్గురిలో లైసెన్సుకు తగినవాడు ఒక్కడే. అతను నిజం చెప్పినప్పుడు తగడని రాశాను. అబద్ధం నేర్చుకుని వచ్చాక తగునని రాశాను.