సాక్ష్యంలో నేను దిద్దని మాట

నా ప్రమాదం గురించి మా చర్చిలో చాలాసార్లు సాక్ష్యం చెప్పాను. దేవుడు నన్ను బతికించాడన్నది నిజం. ఆ రోజు స్కూటర్ నడిపింది నా బావమరిది కిరణ్ అన్నది నిజం కాదు. కాదని తెలిశాక కూడా ఆ మాట వెంటనే దిద్దలేదు. తలకు దెబ్బ తగిలిన మనిషిని చూసుకునేవాళ్లకు పనికొస్తుందని ఇప్పుడు అంతా రాస్తున్నాను.

తొంభై ఎనిమిది వేసవి. మాదాపూర్‌లో కడుతున్న ఒక ఆఫీసు భవనంలో నేను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. కిరణ్ మా ఇంట్లోనే ఉంటూ నా దగ్గర వైరింగ్ నేర్చుకునేవాడు. ఒక సాయంత్రం ఇద్దరం స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే, రోడ్డు పని కోసం పోసిన కంకరలో బండి జారింది. వాడికి మోచేయి చీరుకుపోయింది. నా తల రాయికి తగిలింది.

తేడా ఉందని మొదట పట్టుకున్నది నా భార్య సునీత. ఆసుపత్రిలో కళ్లు తెరిచి "స్కూటర్ ఎక్కడుంది?" అన్నానట. "ఇంటి ముంగట ఉన్నది" అంది. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న. సాయంత్రానికి విసిగిపోయి, "గా స్కూటర్‌నే పెండ్లి చేసుకోవాల్సింది మీరు" అందట. నేను నవ్వి, మళ్లీ అడిగానట.

సీటీ స్కాన్‌లో చిన్న క్లాట్ కనిపించింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. డాక్టర్ సునీతకు ఇలా చెప్పారు: "మెమరీ అంతా ఒకే పెట్టె కాదమ్మా. ఇప్పుడు విన్నది షార్ట్ టర్మ్‌లో కాసేపు ఉంటుంది. అక్కడి నుంచి లాంగ్ టర్మ్‌కి చేరాలి. ఈయనకు ఆ దారి ప్రస్తుతం సరిగా పనిచేయట్లేదు. చేతికి అలవాటైన పనులు వేరు, అవి పోవు." నిజమే. వైరు ముక్క ఇస్తే పొట్టు తీసి చక్కగా మెలిపెట్టానట. ఎవరిచ్చారో మాత్రం మరుక్షణమే మర్చిపోయాను.

చర్చివాళ్లు వచ్చి మంచం చుట్టూ ప్రార్థన చేశారట. వాళ్లలో ఎవరో, "ఈ వయసు పిల్లలకు బండిస్తే అంతేనండి, విమానం అనుకుంటారు" అన్నారు. "నేను తోలలే, ఎనక కూసున్న" అన్నాడు కిరణ్. అందరూ నా వైపు చూశారట. ఆ ప్రమాదం నాకు ఏమీ గుర్తులేదు. కొన్నాళ్లకు గుర్తొచ్చినట్టయింది. నా కళ్ల ముందు కిరణ్ చారల చొక్కా వీపు, ముఖానికి గాలి. ఎంత స్పష్టంగా అంటే, ఒట్టేసి చెప్పగలిగేవాణ్ణి.

మా దగ్గర జబ్బు నుంచి లేచినవాళ్లు ఆదివారం ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి. చెప్పాను. మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను. రెండోసారికి "మెల్లగా పోనీరా అన్నాను" అనే మాట కూడా చేరింది. సునీత తమ్ముడితో మాట్లాడటం మానేసింది. వాడు పుప్పాలగూడలో గది కిరాయికి తీసుకుని వెళ్లిపోయాడు.

తలనొప్పులు, ఒకసారి ఫిట్స్, మళ్లీ మంచం. ఆ ఏడాది అలాగే గడిచింది. తిరిగి స్కూటర్ ఎక్కిన రోజు గేరు మార్చబోతే ఎడమచేయి ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది: ప్రమాదం జరిగిన సాయంత్రం గేరు పట్టేసింది. నేను తల వంచి హ్యాండిల్ చూస్తున్నాను. వెనక నుంచి కిరణ్ అరుపు: "బావా, ముంగట చూడు!"

ఇది మాత్రం నిజమని నమ్మకమేమిటి? ప్రమాదం జరిగిన చోట టీ కొట్టు ఆయన్ని అడిగాను. "మీరే తోలిన్రు సార్. హ్యాండిల్ మీదికెల్లి మీ చెయ్యి నేనే ఇడిపిచ్చిన" అన్నాడు.

డాక్టర్‌కి చెబితే దాన్ని కన్‌ఫ్యాబులేషన్ అన్నారు. "ఖాళీ ఉన్నచోట మెదడు విన్నదాన్ని తెచ్చి పెడుతుంది. చూసినదో విన్నదో మీకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ గట్టిపడుతుంది. మీరు అబద్ధం ఆడలేదు." ఆ ఆఖరి మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. తర్వాతి ఆదివారం పిలిస్తే, మళ్లీ కిరణే బండి నడిపాడని సాక్ష్యం చెప్పాను. అది జబ్బు కాదు.

ఇప్పుడు మాత్రలు వాడుతున్నాను. గబుక్కున లేస్తే తల తిరుగుతుంది. కొత్త పేర్లు నిలవవు. చాలా త్వరగా అలసిపోతాను. ఇలాంటి రోగి ఇంట్లో ఉంటే ఒకటే చెబుతాను: ఏం జరిగిందని అతను అడిగితే, మీరు చూడనిది చెప్పకండి. "తెలియదు" అనండి. ఆ ఖాళీని ఖాళీగానే ఉండనివ్వండి.

చర్చిలో నిజం చెప్పాలని నిశ్చయించుకున్నాక, ముందు సునీతకు ఇంట్లో చెప్పాను. "నా తమ్మునికి నేను ఏ మొఖంతోని ఎదురుపడాలె?" అంది. తనే వెళ్లి పిలుచుకొచ్చింది. ఆ ఆదివారం మగవాళ్ల వైపు చివరి వరసలో కూర్చున్నాడు కిరణ్. నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"కిరణ్, బండి నడిపింది నేను. నువ్వు వెనక ఉన్నావు. అది తెలిసి కూడా నీ పేరే చెప్పాను. నన్ను క్షమించు."

చివరి వరస నుంచి వాడి గొంతు వినిపించింది. "సరే బావా. ఇగ కూసో, తల తిరుగుతది నీకు."