కట్లక్క బండికి ఊపిరి

మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి పుళ్లు కడిగి కట్లు మార్చే నర్సు ఆమె. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఊరందరికీ కట్లక్కే. వెనక సీటుకు మందుల పెట్టె కట్టుకుని, ఎండనకా వాననకా ఒక పాత మోటారుసైకిలు మీద తిరిగేది. అది ఆమె బావ బండి. కళ్లు మసకబారి నడపడం మానేసిన రోజున, "మూలన పడి తుప్పు పట్టేకంటే నీ దగ్గరుంటే నలుగురికి పనికొస్తుందమ్మా" అని తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె సొంత అక్క వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతుంటే, బావ గట్టు మీద కూర్చుని గేరు మార్చు, గేరు మార్చు అని అరుస్తూ నేర్పించాడు. బండి ఎక్కిన ప్రతిసారీ వాళ్లిద్దరికీ మనసులో దణ్ణం పెట్టుకునేది.

అలాంటి బండి ఆ ఎండాకాలంలో మొరాయించింది. రాళ్లు కొట్టే క్వారీ దగ్గరి ఎత్తు ఎక్కేసరికి ఖళ్లుఖళ్లుమని దగ్గి, నల్లపొగ కక్కేది. మెకానిక్ సీటు కింది మూత తీసి, లోపలి ఎయిర్ ఫిల్టరు బయటికి లాగాడు.

"ఇది ఫిల్టరా అక్కా, తారురోడ్డు ముక్కా? పాపం దీనికి ఊపిరెలా ఆడుతుంది?"

"కొత్తది వెయ్యి మరి."

"ఈ మోడలే ఆపేశారు. సరిపోయేది ఏదన్నా చూసి తెచ్చుకో, అందాకా దీన్నే దులిపి పెడతా."

విడిభాగాల కొట్టు యజమాని మూడు రకాలు బల్ల మీద పరిచాడు. ఒకటి ఇంకో బండికి వచ్చే కాగితం ఫిల్టరు, చూడ్డానికి పాతదానిలాగే ఉంది. ఇంకోటి కొలతకు కోసుకుని పాత చట్రానికి చుట్టుకునే స్పాంజి. మూడోది పెట్టె అక్కర్లేకుండా బయటే బిగించుకునే గరాటు ఫిల్టరు, తళతళా మెరుస్తోంది. "ఇది వేశావంటే బండి గుర్రమే" అన్నాడు. ఆమె ఎటూ తేల్చుకోలేక నిలబడిపోయింది. ఆయన నవ్వి, మూడూ, స్పాంజికి పట్టించే నూనె సీసాతో సహా, సంచీలో వేసి ఇచ్చాడు. "మా అమ్మకి నెలల తరబడి కట్టు కట్టిన చెయ్యి నీది. తీసుకెళ్లి చూసుకో. కుదిరింది ఉంచుకుని మిగతావి తెచ్చివ్వు."

ఆ సంచీతోనే ఆమె లారీ బాబాయి ఇంటికి వెళ్లింది. జీవితమంతా లారీ నడిపిన మనిషి. చక్కెర జబ్బుతో పాదానికి పుండు పడి రెండు వేళ్లు తీసేశారు. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకోవడమే. ఏమడిగినా ఉలకడు, పలకడు. జవాబులన్నీ పిన్నే చెప్పేది.

ఆ రోజు కట్టు విప్పుతుండగా గోడవైపు నుంచే మాట వినబడింది.

"ఆ దగ్గుతూ వచ్చిన బండి నీదేనా?"

పిన్ని చేతిలోని గిన్నె కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చింది. కట్లక్క ఏమీ జరగనట్టే, "నాదే బాబాయ్, ఫిల్టరు పోయింది. మూడు రకాలు తెచ్చాను, ఏది వెయ్యాలో తెలియడం లేదు" అంది.

"ఏవేం తెచ్చావు?"

ఆమె సంచీ మంచం మీద బోర్లించింది. ఆయన ఇటు తిరిగాడు. గరాటు ఫిల్టరు చేతిలోకి తీసుకుని, "ఇది పందేలకి పోయేవాళ్లకి. క్వారీ దుమ్ములో నీకెందుకు? వానొస్తే నీళ్లు కూడా తాగుతుంది. పైగా గాలి ఎక్కువైతే పెట్రోలు కూడా అందుకు తగ్గట్టు సర్దాలి, లేకపోతే ఇంజను కాగిపోతుంది" అని పక్కన పెట్టేశాడు. కాగితందాన్ని మాత్రం ముద్దుగా నిమిరాడు. "ఇదే. కళ్లు మూసుకుని వేసెయ్."

"కళ్లు తెరిచే వేద్దాం బాబాయ్. సరిగ్గా కూర్చోకపోతే?"

"నాకే చెప్తున్నావా? అయితే బండి గుమ్మం ముందుకు తే!" అని గదమాయించాడు.

కట్టు పూర్తి కాగానే, ఇద్దరి భుజాలూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని కాలు పీట మీద పెట్టుకున్నాడు. "నీ పెట్టెలో వాజలైన్ ఉందా? ఫిల్టరు ఆనే అంచుకి పల్చగా రాయి. ఫిల్టరు నొక్కి తియ్యి. మరక చుట్టూ తెగకుండా పడితే సందు లేనట్టు."

రాసి, నొక్కి తీసింది. మూడు పక్కలా చక్కగా అంటింది. ఒక మూల మాత్రం పొడిగానే ఉంది.

బాబాయి ఆ మూలను వేలితో తడిమి, "పప్పులో కాలేశాను. అందులోంచే దుమ్మంతా దూరుతుంది" అన్నాడు.

"ఉన్న కాలు జాగ్రత్త!" అంది పిన్ని. అని, నాలుక కరుచుకుంది. ఆయన ముందు గుడ్లురిమాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తనూ నవ్వింది.

ఇక మిగిలింది స్పాంజి. కట్లు కోసే కత్తెరతోనే కట్లక్క దాన్ని కోసింది. "కాస్త వదులుగా కొయ్యి, తక్కువైతే అతికించలేం" అని ఆయన పక్కనుంచి పోరు. కొట్టాయన ఇచ్చిన ఫిల్టరు నూనెలో ముంచి, గట్టిగా పిండి, పాత ఫిల్టరు కాగితం పీకేసిన చట్రానికి చుట్టి వాజలైన్‌తో చూస్తే మరక ఎక్కడా తెగలేదు. "దుమ్ము పట్టినప్పుడల్లా సబ్బునీళ్లలో ఉతుకు. బాగా ఆరాకే నూనె పెట్టు. నూనె లేకుండా మాత్రం వెయ్యకు" అని మరీమరీ చెప్పాడు. కిక్కు కొట్టగానే బండి మెత్తగా అందుకుంది.

"నీ మేలు మరిచిపోను బాబాయ్" అందామె.

"చాల్లే. నా కట్టు మార్చడానికి టైముకి రా, అది చాలు" అన్నాడాయన. మొహం మాత్రం వెలిగిపోతోంది.

వీధి మలుపు దాకా పిన్ని వెంట వచ్చింది. "నీ బండి చెడిపోవడం మా అదృష్టమమ్మా" అంది.

"అదేం మాట పిన్నీ!"

"నిజమే చెప్తున్నా. ఆయన నవ్వు విని ఎన్నాళ్లయిందో! మళ్లీ ఏదన్నా పాడైతే ముందు మా ఇంటికే తే."

పుండు మెల్లగా మానసాగింది. కట్లక్క వచ్చినప్పుడల్లా బాబాయి గుమ్మంలో కుర్చీ వేసుకుని కనబడేవాడు. కట్టు సంగతి తరవాత, ముందు స్పాంజి తీసి చూపించాల్సిందే. క్వారీ ఎత్తు మీద కొత్త బాలింత ఒకామె ఆపరేషను కుట్లతో ఎదురుచూస్తోందని కబురొచ్చినప్పుడు, బండి దగ్గకుండా, పొగ కక్కకుండా పైదాకా లాగింది. పైన బండి ఆపి, వేడెక్కిన ట్యాంకును చేత్తో నిమిరింది కట్లక్క. ఎవరెవరి చలవతోనో ఇక్కడిదాకా వచ్చాననుకుంది. లోపల పసిబిడ్డ కేరుమంది. పెట్టె భుజాన వేసుకుని, "వస్తున్నానమ్మా!" అంటూ గడప దాటింది.