ఎడమ రెక్క కింద

మా అత్త లెక్కలో ఆ కోడి మాది కాదు, పోచమ్మది. మేం మేపుతున్నామంతే. నా కూతురికి రెండేళ్లప్పుడు డెంగీ వచ్చి దవాఖానలో పడుంటే, మా అత్త పెరట్లో తిరిగే పెట్టపిల్లను పట్టి, నెత్తిన పసుపు కుంకుమ పెట్టి, "తల్లీ, పిల్లను బతికియ్యి, గిది నీకే" అని మొక్కింది. పిల్ల బతికింది. కోడి కూడా బతికింది, అక్కడే వచ్చింది చిక్కు.

మొదటి ఏడు బోనాల నాటికి అది గుడ్ల మీద కూర్చుని ఉంది. పొదిగే పెట్టను కోయకూడదని ఆగాం. రెండో ఏడు ఇంట్లో మైల. మూడో ఏడు అది రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంటే ఎవరికీ చేతులు రాలేదు. "వచ్చే ఏడు ఇద్దాం తియ్యి" అన్నది మా అత్తే. తర్వాత ఆ మాట గుర్తు చేసినందుకు నన్ను రెండు రోజులు పలకరించలేదు.

నాలుగో ఏడు బోనాలు ఇంకో మూడు వారాలున్నాయనగా పిల్లి దాని ఎడమ రెక్క కింద కరిచింది. మాది బోరబండలో రెండు గదుల ఇల్లు, వెనక రేకుల బాత్రూం పక్కన చాపంత జాగా. కోడి అక్కడ గోడ మూలకు నక్కి కూర్చుంది. అప్పటికే ముసలిది, గుడ్లు మానేసింది, నడిస్తే ఆయాసపడేది. మూడో రోజుకి పుండులో పురుగులు పడ్డాయి.

"ఇంకో కోడిని తెచ్చి ఇద్దాం అత్తమ్మా" అన్నాను.

మా అత్త నా కూతురికి జడ వేస్తోంది. తల ఎత్తలేదు. "సూపించి మొక్కిన కోడి. బదులు నడవది. గిది ఇంట్ల సచ్చిందనుకో, దీని పానానికి బదులు అమ్మ ఏం అడుగుతదో నీకు ఎర్కనే" అంది. జడ వేయడం మాత్రం ఆపలేదు.

నాకు ఒళ్లు మండింది. దేవుళ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. కన్నబిడ్డ మీద పెట్టి మాట్లాడేసరికి ఆ గొప్ప ఎటు పోయిందో నాకే తెలియదు. మర్నాటి నుంచి ఆ కోడికి నేనే డాక్టర్ని, నేనే నర్సుని.

పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు దాన్ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, చిన్న పట్టకారుతో పురుగులు ఒక్కొక్కటే తీసేదాన్ని. వేపాకు వేసి కాచిన నీళ్లతో కడిగి, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసేదాన్ని. వేలు తగలగానే తల నుంచి తోక దాకా ఒక్కసారిగా ఒళ్లు విదిలించేది. నా చీర నిండా పసుపు చుక్కలు. పుండు మానాక కూడా అక్కడ కందిగింజంత గడ్డ మిగిలింది. దాన్ని తాకితే చాలు, అదే విదిలింపు. "అయిపోయింది, అయిపోయింది" అని వీపు నిమిరేదాన్ని.

హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని నేను. క్యాంటీన్‌లో మిగిలిన పెరుగు కప్పులు రెండు బ్యాగులో వేసుకుంటుంటే ఒక సాఫ్ట్‌వేర్ మేడమ్ చూసింది. దాచడమెందుకని, దెబ్బతిన్న ముసలి కోడికి పెట్టడానికని చెప్పాను. మర్నాడు ఆమె విటమిన్ చుక్కల సీసా తెచ్చి ఇచ్చింది.

"మీది చాలా మంచి మనసండి. ముసలి కోడికి ఇంత సేవ ఎవరు చేస్తారు చెప్పండి" అంది.

"ఏదో మేడమ్" అన్నాను. ఎందుకు చేస్తున్నానో చెప్పడానికి నోరు రాలేదు. ఆ చుక్కలు మాత్రం బాగా పనిచేశాయి.

రెండు వారాలకి కోడి లేచి తిరిగింది. సాయంత్రం నా చెప్పుల చప్పుడు వింటే వెనక నుంచి కుంటుకుంటూ వచ్చి నా పాదం మీద కూర్చునేది. ఎవరు పట్టుకోబోయినా పారిపోయే కోడి, నేను చేయి చాపితే తనే వచ్చి ఒదిగేది. నాకు దాని మీద ప్రేమ పుట్టింది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఎందుకంటే ప్రేమ పుట్టినా నేను రోజులు లెక్కపెట్టడం మానలేదు.

బోనాల ఆదివారం తుంపర పడుతోంది. గల్లీ చివర పోచమ్మ గుడి ముందు జనం, డప్పులు. మా పద్ధతిలో కోడి మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ తీసుకున్నట్టు. విదిలించకపోతే కత్తి పెట్టరు. ఇంకెవరి చేతిలోనూ నిలవదనుకుని దాన్ని నేనే ఎత్తుకున్నాను.

నీళ్లు చల్లారు. అది నా మోచేతి వంపులో కళ్లు మూసుకుంది. మళ్లీ చల్లారు. ఇంకాస్త లోపలికి ఒదిగింది. మూడోసారి చెంబెడు పోశారు. కదల్లేదు. రోజూ నా ఒళ్లో నీళ్లు పోయించుకున్న కోడికి నీళ్లొక లెక్కా.

"అమ్మకు ఇష్టం లేనట్టుంది. ఇంటికి తోల్కపోర్రి" అంది వెనకున్న ఒకామె. జాలిగానే అంది.

తీసుకుపోవచ్చు. ఆ దేవతే వదిలేసింది దాన్ని. కానీ మా అత్త ముఖం పాలిపోయింది. "ఏం తప్పు జేసినమో తల్లీ" అని చేతులు జోడించి, నా కొంగు పట్టుకుని నిలబడ్డ నా కూతురి వైపు చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

నా బొటనవేలు ఎడమ రెక్క కిందకి పోయింది. ఆ గడ్డ ఎక్కడుందో వెతుక్కోవలసిన పని లేదు. గట్టిగా నొక్కాను.

తల నుంచి తోక దాకా విదిలించింది. "తీస్కుంది, తీస్కుంది" అన్నారు. డప్పులు జోరందుకున్నాయి. కోసే మనిషికి అందించాను. అతని చేతిలోనూ అది అరవలేదు, కొట్టుకోలేదు. మనిషి చేతులంటే దానికి భయం పోగొట్టింది నేనే.

ముసలి మాంసం, కుక్కర్ ఎన్ని కూతలు వేసినా ఉడకలేదు. మా అత్త కాలిముక్క ఏరి నా పళ్లెంలో వేసి, "కష్టపడ్డవు బిడ్డా, తిను" అంది. పెళ్లయ్యాక ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు. తిన్నాను. సోమవారం మేడమ్ కనబడి, "మీ కోడికి ఎలా ఉందండి?" అని అడిగింది. పూర్తిగా తగ్గిపోయిందని చెప్పాను.

ఇప్పటికీ నా కూతురికి కాస్త ఒళ్లు వెచ్చబడితే మా అత్త నిశ్చింతగా ఉంటుంది, మొక్కు తీరింది కదా, ఫికర్ ఎందుకంటుంది. నేను థర్మామీటరు పట్టుకుని పిల్ల పక్కనే కూర్చుంటాను. ఆ రోజు ఆ కోడిని తీసుకున్నది అమ్మవారు కాదని నాకొక్కదానికే తెలుసు.