సగం సాక్ష్యం

ఇరవయ్యేళ్ళకు పైబడి ఒక పసిపిల్ల చావును నేను అబద్ధంగా చెబుతూ వచ్చాను. చాటుమాటుగా కాదు, మైకు పట్టుకుని చెప్పాను. విన్నవాళ్ళు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం నిజం, అదే నాకిప్పటికీ అంతుపట్టదు. మీరెవరో నాకు తెలీదు. ఒకందుకు అదే మంచిది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నా నోరు అలవాటైన దారినే పోతుంది.

మాది ద్రాక్షారామం దగ్గర ఒక చిన్న ఊరు. మా ఆయన పోయాక, నాట్లకూ కోతలకూ వెళ్ళినా ఇల్లు గడవక, ఇంటిపనికి పరదేశం వెళ్ళాను. ఆ దేశం పేరు రాయను. ఒక్కడి గుప్పిట్లో ఉన్న దేశం. ప్రతి కొట్టులోనూ వాడి ఫొటో ఉండాలి, దాని మీద దుమ్ము కనిపిస్తే కొట్టువాడికి నూకలు చెల్లినట్టే. నేను పనిచేసిన ఇంటామె పిల్లల డాక్టరు. మేడమ్ అనేదాన్ని. ఆమె భర్త కాలేజీలో పాఠాలు చెప్పేవాడట. ఏదో పెళ్ళిలో ఎవరో ఆ పాలకుడి మీద జోకు వేస్తే ఈయన నవ్వాడు. వేసినవాడు తప్పించుకున్నాడు, నవ్వినవాణ్ణి ఎత్తుకుపోయారు. నేను వెళ్ళేసరికి ఆయన బతికున్నాడో లేదో కూడా ఆమెకు చెప్పేవాళ్ళు లేరు.

వాళ్ళకొక్కతే కూతురు, హనా. ఎనిమిదేళ్ళ పిల్ల. నా చేత్తో పెడితేనే తినేది. మన బడిపిల్లల్లా రెండు జడలు వేయించుకుని రిబ్బన్లు మడిచి కట్టించుకునేది. పిలిస్తే మా ఊరి యాసలోనే "వచ్చేత్తన్నా!" అని అరిచేది. అరవడమే, వచ్చేది కాదు.

పరాయి సైన్యాలు వస్తున్నాయని కబురు పుట్టినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మేడమ్ మాత్రం రానీ అనేది. పీక మీద కాలేసి తొక్కుతున్నవాణ్ణి ఎవడు లాగి అవతల పారేస్తే నాకేంటి, వాడి పుట్టుపూర్వోత్తరాలు నేనడగాలా అనేది. ఆ మాట అనే హక్కు ఆమెకుంది. ఇప్పటికీ అంటాను, టీవీల్లో కూర్చుని వాదించుకునేవాళ్ళకు లేదు, నాకూ లేదు, ఆమెకుంది.

వాళ్ళు వచ్చారు. ముందు విమానాలొచ్చాయి. మా వీధి చివర టెలిఫోన్ ఆఫీసు ఉండేది. దాన్ని కొట్టబోయి పక్కనున్న మా ఇంటి మీద బాంబు వేశారు. పట్టపగలే. మోత వినగానే కింద గదిలోకి రమ్మని హనాను కేకేశాను. వచ్చేత్తన్నా అంది.

ఇదీ రాయాలి. కూలిన గోడ తవ్వి బిడ్డను బయటికి తీసింది నేనూ మేడమూనే. ఒక జడకు రిబ్బను అలాగే ఉంది.

కొన్నాళ్ళకు ఆ పాలకుడు పారిపోయాడు. జైళ్ళు తెరిచారు. తెరిచిందీ ఆ సైన్యమే. మేం తలదాచుకున్న మేడమ్ వాళ్ళక్క ఇంటి గుమ్మంలో ఒక మధ్యాహ్నం ఎముకలగూడు లాంటి మనిషొకడు నిలబడ్డాడు. వేళ్ళకు గోళ్ళు లేవు. మేడమ్ పరుగెత్తుకెళ్ళి ఆయన్ని వాటేసుకుంది. ఆయన అడిగిన మొదటి మాట, హనా ఏదీ అని.

నేను తిరిగి వచ్చేసే రోజున మేడమ్ నా చేయి పట్టుకుంది. అప్పటికి వాళ్ళ భాష నాకు బాగానే వచ్చేసింది.

"మీ ఊళ్ళో అడుగుతారు. ఏం చెబుతావు?"

"ఏం చెప్పమంటారు మేడమ్?"

"రెండూ చెప్పు. వాడు రాక్షసుడని చెప్పు. వీళ్ళు రావాలని నేనే కోరుకున్నానని చెప్పు. వచ్చి నా భర్తను నాకిచ్చారనీ చెప్పు, నా బిడ్డను చంపారనీ చెప్పు. ఒకటి చెప్పి ఇంకొకటి మింగెయ్యకు."

"మళ్ళీ ఆ రోజే వస్తే వాళ్ళను రమ్మంటారా?" అన్నాను. అడగాల్సిన మాటేనా అది! నా మొద్దుబుర్రకు అప్పుడు తోచలేదు.

ఆమె నా చేయి వదల్లేదు, నా వంక చూడనూ లేదు. "అది నన్నడగకు. నువ్వు మాటివ్వు. రెండూ చెబుతానను."

"అలాగే మేడమ్. దేవుడి తోడు" అన్నాను.

ఊరికి వచ్చిన ఆదివారమే చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. ఆపద గట్టెక్కి వచ్చినవాళ్ళు సంఘం ముందు నిలబడి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడాన్ని మేం సాక్ష్యం అంటాం. దానికి ఎవరూ నేర్పని పద్ధతొకటి ఉంది. కష్టం ముందు చెప్పాలి, మేలు ఆఖరున చెప్పాలి, అందరూ స్తోత్రం అనాలి. చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్ని, నాకూ ఆ వరస ఒంటబట్టింది. కష్టమూ మేలూ ఒకే చేతి నుంచి వస్తే దాన్నెలా చెప్పాలో నాకు తెలీదు, మా వాళ్ళెవరూ అలాంటి సాక్ష్యం చెప్పగా వినలేదు.

పాలకుడి దుర్మార్గం చెబుతుంటే చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. హనా దగ్గరకు వచ్చాను. ముందు వరసలో పాస్టరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. ఆ సైన్యం గెలవాలని ఉపవాసాలుండి ప్రార్థన చేశామని అంతకుముందే నాతో చెప్పారు. నా నోరు దానంతటదే కదిలింది.

"ఆ దుర్మార్గుడి మనుషులే పాపను చంపేశారండి. అప్పుడే దేవుడు సైన్యాన్ని పంపాడండి" అన్నాను.

స్తోత్రం అన్న కేకతో చర్చి మారుమోగింది.

ఎందుకన్నాను? భయపడ్డానా? నన్నక్కడ ఎవరు కొడతారు? అంతమంది చేసిన ప్రార్థన వమ్మయిందనిపిస్తుందని జాలిపడ్డానా? అదీ కొంత ఉంది. కానీ అన్నిటికంటే ముందు, నిజం చెబితే ఆ స్తోత్రం నాకు దక్కదని లోపల ఎక్కడో తెలుసు. ఒకప్పుడు బురదలో వంగి నాట్లేసినదాన్ని ఆ రోజుతో అక్కగారినయ్యాను. సామర్లకోటలో స్త్రీల కూటానికి పిలిచారు, తునికి పిలిచారు, నాకోసం కారు పంపారు. ఛీ, ఆ కారెక్కినప్పుడు నా మనసు ఎంత పొంగిందో కూడా చెప్పెయ్యనివ్వండి. సండేస్కూలు పిల్లలకు కూడా హనా కథ చెప్పాను. మొదట్లో ఒకసారి మేడమ్ ఫోను చేసి, చెప్పావా అని అడిగింది. చెప్పానన్నాను.

వాడు అంతమంది ఉసురు పోసుకున్నాడు కదా, వాడి నెత్తిన ఇంకొకటి వేస్తే ఏం పోయిందిలే అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అంత పాపిష్టివాడు చేయని పాపం ఒక్కటుంటే, అది తెచ్చి వాడికి అంటగట్టి, చేసినవాళ్ళను కడిగిపెట్టాను. కడగమని వాళ్ళు నన్ను అడగను కూడా లేదు.

ఇప్పుడు టీవీలో ఇంకో దేశం, ఇంకో పాలకుడు. వాణ్ణి దించడానికి మళ్ళీ పరాయి సైన్యాలు కదులుతున్నాయంటున్నారు. మా పక్కింటి మార్తమ్మ కూతురు రూతు ఆ దేశంలోనే నర్సు. ఇంటికి పోదామనుకునేవాళ్ళను ఆసుపత్రివాళ్ళు విమానమెక్కించి పంపించేస్తున్నారు. రూతు కూడా పేరిచ్చింది. ఒక సాయంత్రం మార్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, మీరు కళ్ళారా చూసొచ్చినోరు. ఆ సైన్యాలొత్తే మామూలోళ్ళకేం అవదు కదండీ? వచ్చేత్తే మళ్ళీ ఈ ఉద్యోగం దొరకదంటంది పిల్ల."

గోంగూర ఒలుచుకుంటున్నాను. తలైనా ఎత్తలేదు. "ఏం అవదే. వాళ్ళు గురిచూసి వాడి మనుషుల్నే కొడతారు" అన్నాను. కాసేపటికి గోడవతల ఆమె ఫోనులో గట్టిగా చెబుతున్న మాటలు వినిపించాయి. అక్కగారు చెప్పారే, ఏం అవదంట, ఉండిపో అంటోంది.

అప్పుడు వినిపించింది నాకు, వచ్చేత్తన్నా అని. లేచి వెళ్ళి అప్పుడే చెప్పాల్సింది. వెళ్ళలేదు.

తెల్లారి వెళ్ళి మార్తమ్మ ముందు నిలబడి అంతా చెప్పాను. టెలిఫోన్ ఆఫీసు, గోడ, రిబ్బను, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫోను కలిపి నా చేతిలో పెట్టింది.

"మీరే చెప్పండి. నేను చెబితే నమ్మదు. మీ సాక్ష్యం వింటానే పెరిగిందది."

చెప్పాను. రూతు అంతా విని, "నా సీటు నిన్ననే వేరే అమ్మాయికిచ్చేశారండి పెద్దమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. ఇంకో విమానం ఉందా అంటే తెలీదంది. డ్యూటీకి టైమైందని పెట్టేసింది. నిన్నటి నుంచి ఆ పిల్ల ఫోను కలవడం లేదు. మార్తమ్మ నా గుమ్మం తొక్కడం లేదు. తొక్కమని ఏ మొహం పెట్టుకుని అడగను?

సైన్యాలు వెళ్ళాలా వద్దా అని మీరు నన్నడిగితే నాకు తెలీదు. జైల్లో ఉన్నవాడి భార్యనడిగితే వెళ్ళాలంటుంది. గోడ కిందున్న పిల్లను అడగలేం. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళని ఈ చుట్టుపక్కల నాకొక్కదానికే తెలుసు. తెలిసీ, నా మాట నమ్మిన ప్రతివాళ్ళ చేతిలో సగమే పెట్టి పంపించాను.

వచ్చే ఆదివారం మళ్ళీ సాక్ష్యం చెప్పమన్నారు. నిలబడతాను. మైకు లాక్కుంటారో, లాక్కోకుండా వింటారో చూడాలి. ముందుగా ఇక్కడ ఒకసారి చెప్పనివ్వండి, నోటికి పట్టుబడాలి కదా.

హనాను ఆ పాలకుడి మనుషులు చంపలేదు. మమ్మల్ని విడిపించడానికి వచ్చిన విమానం చంపింది. ఆ విమానాలే రాకపోతే వాళ్ళ నాన్న ఆ జైల్లోనే పోయేవాడు.

రెండూ చెప్పాను మేడమ్.